కారమునకు కొలత
(మిక్కిలి ఘాటైన మిరపకాయలను వండుటయు, తినుటయు)

కల్లములు ఎఱ్ఱబాఱు దినములు వచ్చినవి. మాఘమాసము మొదలుకొని మన ప్రాంతములలో ఏ పొలము గట్టున నిలిచి చూచినను మిరపకాయయే కన్పట్టును. దాని ధర యెంత, తేమ యెంత, టిక్కీ యెంత తూగినది యను ప్రశ్నలు రైతులు కూడినచోటనెల్ల విననగును. కాని ఆ కాయ మన వంటయింటికి చేరిన పిమ్మట దానిని ఎట్లు వండవలెను, ఎంత తినవలెను, ఎవరు తినరాదు అను ప్రశ్నలను మనము అంతగా విచారించుట లేదు. బజారునకు పోవు సరకునందు చూపు శ్రద్ధలో నాలుగవపాలు ఇంటిలో తిను సరకునందు చూపినను ఎన్నియో బాధలు తప్పును. కావున ఈ మాసము ఆ విషయమును సభ్యుల ముందుంచుచున్నాము.

ఇప్పుడే ఈ విషయము నెత్తుకొనుటకు వేఱొక కారణమును కలదు. గుంటూరు కారమును మించిన కారము లేదని మనవారి నమ్మకము. ఆ నమ్మకము నేడు నిజము కాదు. గుంటూరు సన్నమునకు ఇరువదియైదు రెట్లు ఘాటుగల కాయ మన దేశమున ఈశాన్య రాష్ట్రములలోనే పండుచున్నది. దానిని మించినవి అమెరికాలో పుట్టినవి. వాని గింజలు నేడు పొట్లములలో తపాలా ద్వారా పల్లెలకు వచ్చుచున్నవి. వానిని తిను పందెములను పిల్లలు ఫోనులలో చూచుచున్నారు. తాత ముత్తాతలు ఎఱుగని కారము ఇంటికి వచ్చునపుడు, తాతముత్తాతలు నేర్పిన జాగ్రత్త మాత్రమే చాలదు.

కాయ మనది కాదు, కారము మనదయ్యెను

మిరపకాయ మన నేలపై పుట్టినది కాదు. దాని జన్మస్థానము అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ ఖండమును చేరిన పిమ్మటనే అది తక్కిన ప్రపంచమునకు తెలిసెను. మన దేశమునకు పదునాఱవ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అంతకు పూర్వము మనవారికి కారమనగా మిరియమే. క్రొత్తగా వచ్చిన కాయకు మిరపకాయ అను పేరు ఆ మిరియమును బట్టియే కలిగినది. పలనాటి జొన్నకూటిని గూర్చి చాటువులు చెప్పెనని ప్రసిద్ధిగాంచిన శ్రీనాథుని కాలమున తెలుగుదేశములో ఒక్క మిరపమొక్కయైనను లేదు. అదే పలనాడు నేడు మిరపకు పుట్టినిల్లు వలె నున్నది. నేడు ప్రపంచములో ఎండు మిరపను అన్నిటికంటె హెచ్చుగా పండించి ఎగుమతి చేయు దేశము మనది. మన దేశములో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు ముందు వరుసలో నున్నవి. ఇంత గొప్పగా పండించు మనము, ఆ కాయలోని గుణమును తెలిసి వాడుట న్యాయము.

ఘాటు ఎక్కడ నున్నది?

మిరపకాయలో ఘాటంతయు గింజలలో నున్నదని మన యిండ్లలో ననుకొందురు. ఇది పొరపాటు. కాయను నిలువుగా చీల్చి చూచినచో, తొడిమ క్రిందనుండి లోపలికి దిగి గింజలను పట్టియుండు తెల్లని మెత్తని పొర యొకటి కన్పట్టును. ఘాటు పుట్టునది ఆ పొరలోనే. గింజలు దానిని తాకియుండుటచే వానికి ఘాటు అంటును, అంతియే. కావున గింజలు మాత్రము దులిపి తెల్లని పొరను వదలివేసినచో కారము తగ్గదు. ఆ పొరను కత్తిమొనతో గీచి తీసివేసినచో కాయ కారములో అధికభాగము పోవును, కాయ రుచియు వాసనయు మిగులును. ఈ యొక్క విషయము తెలిసిన గృహిణి ఎంతటి ఘాటైన కాయనైనను తన స్వాధీనములో నుంచుకొనగలదు.

ఆ ఘాటు పదార్థమునకు శాస్త్రజ్ఞులు క్యాప్సైసిన్ అని పేరిడిరి. ఇది నాలుకకు తగిలినపుడు నిజముగా కాలుట యేమియు జరుగదు. మన శరీరములో వేడిని తెలుపు నరముల చివరల ఒక విధమైన ద్వారములున్నవి. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి తగిలినపుడు అవి తెఱచుకొని మెదడునకు 'కాలుచున్నది' అను వార్త నంపును. క్యాప్సైసిన్ ఆ ద్వారమునే, వేడి లేకుండగనే తెఱచును. మంట లేకున్నను మంట యను వార్త పోవును; ఒడలు చెమర్చును, కన్నీరు కాఱును. 1997లో డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఈ సంగతిని కనుగొనిరి. అందులకు 2021లో అతనికి నోబెలు బహుమానము పంచి యీయబడెను.

పక్షులలో ఈ ద్వారము క్యాప్సైసిన్‌కు తెఱచుకొనదు. రామచిలుకలు పండుమిరపకాయను జామపండు వలె కొఱికి తినుట మన రైతులందఱును చూచినదే. అందులో వింత యేమియు లేదు; వానికి మంట తెలియదు. గింజను నమలి చంపు జంతువులను తఱిమివేయుటకును, గింజను చెడకుండ మింగి దూరముగ విడుచు పక్షులను పిలుచుటకును ప్రకృతి చేసిన యేర్పాటు ఇది.

కొలత

కారమును కొలుచుటకు ఒక పద్ధతి కలదు. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అను ఔషధశాస్త్రజ్ఞుడు దీనిని ఏర్పఱచెను. కాయనుండి తీసిన సారమును చక్కెరనీటితో పలుచన చేయుచు పోయి, రుచి చూచువారికి మంట తెలియకుండుటకు ఎన్ని రెట్లు పలుచన చేయవలసివచ్చెనో ఆ సంఖ్యయే ఆ కాయ కారమునకు కొలత. నేడు నాలుకలకు బదులు యంత్రములతో కొలిచి, లెక్కను మాత్రము ఆతని పేరనే చెప్పుచున్నారు. కొన్ని కాయల కొలతలు ఈ క్రింద నిచ్చుచున్నాము.

గుంటూరు సన్నము: 35,000 మొదలు 40,000
నాగా మిరప, అనగా అస్సామువారి భూత్ జొలోకియా (2007 గిన్నిస్ గుర్తింపు): 10,01,304
కరోలినా రీపర్ (2013 గిన్నిస్ గుర్తింపు): 15,69,300
పెప్పర్ ఎక్స్ (2023 గిన్నిస్ గుర్తింపు): 26,93,000
శుద్ధమైన క్యాప్సైసిన్: సుమారు 1,60,00,000

ఈ అంకెలు వంటయింటిలో నేమి చెప్పుచున్నవి? 40,000 కొలత గల ఎండుకాయలు ఒక కిలో తూచినచో అందు ఘాటు పదార్థము సుమారు రెండున్నర గ్రాములే. మిగిలిన కిలోయంతయు తోలు, గింజ, రంగు, వాసన. ఆ రెండున్నర గ్రాములే మన యూరంతటిని దగ్గించుచున్నవి. నాగా మిరప ఎండుకాయలో నైనచో అది కిలోకు అఱువదిరెండు గ్రాములకు పైబడును. అనగా, కూరలో అయిదు గ్రాముల గుంటూరు కారము వేయుచోట నాగా కారము గ్రాములో అయిదవవంతు చాలును. చేతి అలవాటున చెంచాతో తీసి వేసినవాడు ఇరువదియైదు చెంచాలు వేసినవాడగును. పెప్పర్ ఎక్స్ సంగతి చెప్పనే అక్కఱలేదు. అది గుంటూరు సన్నమునకు సుమారు డెబ్బది రెట్లు.

ఇంకొకటి గమనింపవలెను. ఎఱుపు వేఱు, కారము వేఱు. రెండును కాయలోని వేర్వేఱు పదార్థములు. కర్ణాటకలోని బ్యాడిగి కాయయు, మన వరంగల్లు ప్రాంతపు చపాటా కాయయు ముదురెఱుపు, కారము స్వల్పము. తేజ రకపు కాయ సన్నము, ఘాటు గుంటూరు సన్నముకంటె హెచ్చు. కావున కూర ఎఱ్ఱగా నుండవలెనని కారము పెంచుట తెలివి కాదు. ఇంటికారము పట్టించునపుడు తేజలో సగముపాలు చపాటాగాని బ్యాడిగిగాని కలిపినచో రంగు నిండుగా వచ్చును, నోరు మిగులును.

నూనెలో కరగును, నీట కరగదు

క్యాప్సైసిన్ గుణములలో మనకు ముఖ్యమైనది ఇది యొక్కటే: అది నూనెలో, నేతిలో, క్రొవ్వులో కరగును, నీటిలో దాదాపు కరగదు. వంటకును, నోటిమంటకును, చేతిమంటకును తాళపుచెవి ఈ వాక్యములోనే యున్నది. సభ్యులు దీనిని గుర్తుంచుకొనవలెను.

తాలింపులో నూనె కాగిన పిమ్మట ఎండుమిరపకాయ వేసినచో దాని ఘాటును వాసనయు నూనెలోనికి దిగి, ఆ నూనె ద్వారా కూరయంతటికిని సమముగా ప్రాకును. అదే కాయను ఉడుకుచున్న పులుసులో వేసినచో ఘాటు సరిగా పంచబడక, ఒక ముద్ద చప్పగాను ఒక ముద్ద నిప్పువలెను నుండును. ఎంతసేపు ఉడికించినను కారము చావదు. వంటవేడికి ఆ పదార్థము నశించునది కాదు. కావున కారము ఎక్కువైన కూరను ఇంకను ఉడికించుట వలన లాభము లేదు. పెరుగుగాని, కొబ్బరిపాలుగాని, నువ్వులపొడిగాని, ఉడికిన పప్పుగాని కలిపి విస్తరింపజేయుటయే మార్గము.

ఎండుమిరపకాయలను మిక్కిలి కాగిన నూనెలో వేసి నల్లబడనీయరాదు. మాడిన కాయ చేదగును. దాని పొగ గొంతు పట్టి ఇంటిల్లిపాదిని దగ్గించును. దిష్టి తీసి నిప్పులో వేసిన మిరపకాయల కోరు ఎట్టిదో మనకు తెలిసినదే. ఉబ్బసము గలవారును, చంటిబిడ్డలును ఉన్న యింట కాయలు వేయించునపుడు కిటికీ తలుపులు తెఱచి, పొయ్యి తగ్గించి వేయింపవలెను.

పండుకాయకును ఎండుకాయకును గల భేదమును మఱువరాదు. నూఱు కిలోల పండుకాయలు ఎండినపిమ్మట ఇరువదియైదు మొదలు ముప్పదియైదు కిలోలగును. పోయినది నీరు మాత్రమే, ఘాటు పోలేదు. కావున అదే తూకమునకు ఎండుకాయ పండుకాయకంటె మూడునాలుగు రెట్లు బలమైనది.

ఈశాన్యదేశపువారు ఎట్లు వండుదురు?

అతికారపు కాయను తరతరములుగా తినుచున్నవారు నాగాలాండు, మణిపురము, అస్సాము ప్రజలు. వారి వద్దనుండి మనము నేర్చుకొనవలసినది కారము పెంచుట కాదు, పొదుపు. నాగాలు దానిని రాజమిరప యందురు. మణిపురమువారు ఊమొరోకు అందురు. ఆ కాయకు పండ్ల వాసనను బోలిన ఒక పరిమళము కలదు. వారు దానిని ప్రధానముగా ఆ పరిమళమునకై వాడుదురు. పొగబెట్టిన మాంసమునందో, పులియబెట్టిన సోయాచిక్కుళ్లతో చేయు కూరయందో ఒక్క కాయను, ఒక్కొక్కప్పుడు అందులో ఒక ముక్కను మాత్రము వేయుదురు. ఉడికిన దుంపలను, కూరలను, పులియబెట్టిన చేపను కలిపి మెదుపు మణిపురపు ఇరోంబాలోను అంతియే. ఆవనూనెలో ఊఱవేసి జాడీలో నుంచుకొని కొద్దికొద్దిగా తీసికొందురు. నూనెలో ఘాటు కరగునను సంగతి శాస్త్రజ్ఞులు చెప్పకమునుపే వారి పెద్దలకు తెలియును.

ఆ కాయ బలము ఎట్టిదో తెలుపుటకు రెండు మాటలు చాలును. అస్సాములో దానిని నూఱి జిడ్డుతో కలిపి త్రాళ్లకు పూసి, పంటలపైకి వచ్చు అడవియేనుగులను అడ్డగించిరి. మన దేశరక్షణ పరిశోధకులు దానిని కన్నీటివాయువు వలె పనిచేయు గుండ్లలో వాడుటకు ఏర్పాటు చేసినట్లు 2010లో వార్త వెలువడినది. ఏనుగును ఆపు వస్తువును మన చిన్నపిల్లవాని నోట పందెమునకై పెట్టుట ఎంతటి పనియో పెద్దలు యోచింపవలెను.

ఆ మొక్క తేమగల ఈశాన్యపు గాలికి అలవడినది. తేజపురములో పండినదానికంటె గ్వాలియరు పొడినేలలో పండినదానికి ఘాటు బాగుగా తగ్గినట్లు పరిశోధకులు చూచిరి. కావున గింజపొట్లముపై అచ్చొత్తిన అంకెలను నమ్మి ఎకరములు నాటుట తగదు. ముచ్చట గలవారు పెరటిలో ఒక మొక్క వేసికొన్న చాలును. ఒక కుటుంబమునకు సంవత్సరమంతయు సరిపోవును.

మన కొఱివికారము

ఈ దినములలో పండుమిరపకాయ ఇంటింట సమృద్ధిగా నుండును గనుక కొఱివికారము పెట్టు పద్ధతిని ఇచ్చట వ్రాయుచున్నాము. కాయ ఘాటైనదైనను ఉప్పు, పులుపు, నూనెలతో దానిని ఎట్లు లొంగదీయవచ్చునో ఈ పచ్చడియే చక్కని ఉదాహరణము.

గట్టిగా, మచ్చలేకుండ, పూర్తిగా ఎఱ్ఱబాఱిన కాయలు ఒక కిలో తీసికొనవలెను. తొడిమలు ఉండగనే కడుగవలెను. ముందే తొడిమ తీసినచో నీరు లోపలికి పోయి పచ్చడి బూజుపట్టును. పొడిగుడ్డతో తుడిచి, నీడను ఆఱబెట్టి, తడి బొత్తిగా పోయిన పిమ్మట తొడిమలు తీయవలెను. పావుకిలో రాళ్లయుప్పు, కొద్దిగ పసుపు చేర్చి రోటిలో కచ్చాపచ్చాగా దంచవలెను. పీచు, గింజ తీసిన చింతపండు పావుకిలో తీసి, జాడీలో సగము కారము పఱచి, నడుమ చింతపండు నుంచి, పైన మిగిలిన కారము కప్పి మూత పెట్టవలెను. మూడవనాడు తీసి, అప్పటికి మెత్తబడిన చింతపండుతో కూడ మెత్తగా నూఱి, వేయించి దంచిన మెంతిపొడి రెండు చెంచాలు కలిపి మరల జాడీకెత్తవలెను. గరిటెకు తడి తగులరాదు.

తినునపుడు కావలసినంత మాత్రము వేఱుగా తీసి, నువ్వులనూనెలో ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టవలెను. వేడియన్నములో నేయిగాని నూనెగాని వేసి కలుపుకొనుట కేవలము రుచికై యేర్పడినది కాదు. ఆ క్రొవ్వు ఘాటును తనలో కరగించుకొని నాలుకపై ఒక్కమాఱుగా పడకుండ చేయును. పిల్లలున్న ఇంట పెట్టుకొనునపుడు సగము కాయలను చీల్చి లోపలి తెల్లని పొర తీసివేసి దంచినచో, రంగు రుచి చెడక కారము మాత్రము తగ్గును.

ఊఱమిరపకాయల పద్ధతియు ఇట్టిదే. పచ్చికాయను చీల్చి ఉప్పువేసిన పుల్లమజ్జిగలో రాత్రియంతయు నానబెట్టి, పగలు ఎండబెట్టి, మరల రాత్రి అదే మజ్జిగలో వేయుచు, మజ్జిగయంతయు ఇంకువఱకు చేయుదురు. పాలలోని మాంసకృత్తునకు ఘాటును పట్టుకొను గుణము కలదు. పేరు తెలియకున్నను పని తెలిసిన మన పెద్దలను మెచ్చుకొనవలెను.

నోరు మండినచో, చేయి మండినచో

నోరు మండినపుడు మనవాడు మొదట చేయు పని చెంబెడు నీళ్లు త్రాగుట. దాని వలన మంట తగ్గదు. నీట కరగని ఘాటు నోరంతయు ప్రాకును. పాలుగాని, పెరుగుగాని, మజ్జిగగాని నోట నుంచుకొని పుక్కిలించి మింగవలెను. వెన్న తీసిన పాలైనను పనిచేయును; ఏలయన మంటను లాగుకొనునది క్రొవ్వు మాత్రమే గాక పాలలోని మాంసకృత్తును. బెల్లముముక్క, నేతియన్నము కూడ ఉపశమింపజేయును.

చేతిమంట మిగుల ముఖ్యమైన విషయము. మన కల్లములలోను గోదాములలోను దినమంతయు కూర్చుండి ముచ్చికలు తీయు కూలీలలో అధికులు స్త్రీలు. సాయంకాలమునకు వారి వ్రేళ్లు మంటలెత్తును. ఆ మంట రాత్రియంతయు నిద్రపట్టనీయదు. ఆ చేతులతోనే వారు ఇంటికిపోయి చంటిబిడ్డ నెత్తుకొనవలెను, అన్నము కలిపి పెట్టవలెను. ఉత్తనీటితో ఎన్నిమాఱులు కడిగినను ఆ ఘాటు పోదు. పనికి ముందు చేతులకు పలుచగా కొబ్బరినూనె రాచుకొనవలెను. పని ముగిసిన పిమ్మట మరల నూనె రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో రెండుమాఱులు కడుగవలెను. నూనె ఘాటును కరగించును, సబ్బు నూనెను తీసికొనిపోవును. రబ్బరు తొడుగులు దొరకినచో మఱింత మేలు. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. కంటిలో పడినచో రుద్దరాదు, నూనె వేయరాదు. శుభ్రమైన నీటిధారతో పావుగంటసేపు కడిగి, మంట తగ్గనిచో వైద్యుని చూడవలెను.

కల్లము గల ప్రతి సభ్యుడును ఒక నూనెసీసాను, ఒక సబ్బుబిళ్లను, తొట్టి నీటిని కూలీలకు అందుబాటులో నుంచవలెనని మా ప్రార్థన. దీనికగు ఖర్చు ఒక టిక్కీ ధరలో లెక్కకు రాదు. సరకునకు పట్టాలు కప్పు చేయి, మనుష్యుల చేతులను మఱువరాదు.

పందెములు వలదు

అతికారమును పౌరుషమునకు గుఱుతుగా నెంచి పందెములు వేయుట ఇతర దేశములలో వ్యాపించి మన యువకులకును సోకినది. దాని ఫలములను వైద్యపత్రికలు వ్రాసినవి. అమెరికాలో ఒకడు నాగా మిరప ముద్ద పూసిన తినుబండారమును పందెమునకై తిని, వాంతుల ధాటికి అన్నవాహిక చినిగి, 23 దినములు ఆస్పత్రిలో నుండెనని 2016లో ప్రకటించిరి. 34 సంవత్సరముల వాడొకడు పందెములో కరోలినా రీపర్ కాయ తిని, ఉరుము వంటి తలనొప్పులతో ఆస్పత్రి చేరగా, మెదడునకు పోవు రక్తనాళములు సన్నబడియుండెనని 2018లో వ్రాసిరి. అదృష్టవశమున అతడు కోలుకొనెను. 2023లో ఆ దేశముననే 14 సంవత్సరముల బాలుడొకడు అతికారపు రేకు నొకదానిని తిని అదేదినమున మరణించెను. ఆ బాలుని గుండెలో ముందే లోపమున్నట్లు పిమ్మట తేలినది. కాని తన గుండెలో లోపమున్నదో లేదో పందెమునకు కూర్చుండు బాలునకు ముందుగా ఎట్లు తెలియును? పెప్పర్ ఎక్స్‌ను పెంచిన ఎడ్ కరీ యను రైతే ఒక కాయను తిని మూడున్నర గంటలు మంటతోను, ఆపైన కడుపుపోట్లతోను బాధపడితినని చెప్పియున్నాడు. జీవితమంతయు ఘాటుకాయలు తిన్నవాని గతి యిది.

జాతరలలోను, పండుగలలోను ఇట్టి పందెములు జరుగకుండ గ్రామపెద్దలు చూడవలెను.

ఎవరు, ఎంత?

మితముగా తిన్న మిరప ఆరోగ్యవంతునకు శత్రువు కాదు. కడుపులో పుండ్లకు కారమే మూలమని చిరకాలము నమ్మిరి. కాని అధికభాగము ఒక సూక్ష్మజీవి వలననే పుట్టునని 1982లో మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు కనుగొనిరి. అయితే పుండు ఉన్నవానికి, ఛాతీమంట గలవానికి, మూలవ్యాధి గలవానికి కారము బాధను పెంచునది నిజము. అట్టివారును చిన్నపిల్లలును తగ్గింపవలెను. అలవాటు వలన నరములు మొద్దుబాఱి మంట తెలియుట తగ్గును. అందుచేత దినదినము కారము పెంచుకొనువాడు తాను బలవంతుడనైతినని భ్రమపడును. కంచములో కూర రుచి తెలియునంత కారమే సరియైన కొలత. వంకాయ తిన్నచో వంకాయ తెలియవలెను.

చివరగా ఒక హెచ్చరిక. మేలుకాయ అమ్మకమునకును తాలుకాయ ఇంటికిని ఉంచుట కొందఱి యాచారము. ఎండకు తెల్లబడిన కాయ తినిన ముప్పు లేకపోవచ్చును. కాని మంచుకు తడిసి బూజుపట్టిన కాయ అట్లు కాదు. దానిలో అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. అది కాలేయమునకు హాని చేయును. ఇంతటి కారములో బూజు ఏమి బ్రదుకునని కొందఱందురు. ఘాటు ఆ బూజును ఆపదు. వేయించినను దంచినను ఆ విషము పూర్తిగా పోదు. లోపల నల్లబూజు గల కాయను చీల్చి చూచి పాఱవేయవలెను. పదిశాతము తేమకు దిగునట్లు ఎండబెట్టిన కాయనే కారము పట్టింపవలెను.

రైతు సోదరులారా! మన కాయకు పరదేశములలో పేరు కలదు. ఆ పేరు నిలువవలెనన్న, దానిని పండించు ఇంటిలోనే మొదట దాని మర్యాద తెలియవలెను. ఈ యేటి పంటలో మొదటి కోతనుండి మచ్చలేని పది కిలోలు తీసి ఇంటికొఱకు వేఱుగా కట్టియుంచుడు. ఆ సంచి ప్రక్కనే నూనెసీసాను, సబ్బుబిళ్లను పెట్టుడు. ఈ వ్యాసమును ఇంటిల్లిపాదికిని, కల్లములో పనిచేయు కూలీలకును చదివి వినిపింపుడని కోరుచున్నాము.